133వ నంబరు అరలో దయ్యం

హైదరాబాద్ విమానాశ్రయంలో దయ్యం తిరుగుతుందట! నగరంలో దయ్యాలున్న చోట్లు ఇవీ అంటూ ఇంటర్నెట్‌లో చక్కర్లు కొట్టే జాబితాల్లో శంషాబాద్ పేరు చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. తెల్ల చీర, అర్ధరాత్రి, రన్‌వే... మిగతాది ఎవరి ఊహ వాళ్ళది. 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం అది. 4,260 మీటర్ల రన్‌వే, తెల్లవార్లూ వెలిగే దీపాలు, ఎక్కడికక్కడ కెమెరాలు, తుపాకులతో కాపలా. ఇన్నింటి మధ్య ఓ దయ్యం ఎలా తిరుగుతోందయ్యా అని అడిగితే చెప్పేవాడు కాస్త గొంతు తగ్గిస్తాడు. 'అసలు ఆ భూములు ఎవరివో తెలుసా?' అంటాడు.

ఆ ప్రశ్న సంగతి తర్వాత. ముందు ఓ చిన్న సంఘటన ఊహించుకోండి. నిజంగా జరిగిందని కాదు. జరగదని హామీ ఇచ్చేవారూ లేరు.

శంషాబాద్ చుట్టుపక్కల ఓ ఊరి గ్రంథాలయం. సాయంత్రం అయిదయింది. పొద్దున వచ్చిన దినపత్రికలు అప్పటికే పదిమంది చేతుల్లో నలిగాయి. ఓ పక్క గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదువుకునే పిల్లలు, ఇంటి నుంచి తెచ్చుకున్న గైడ్లు ముందేసుకుని తలెత్తకుండా కూర్చున్నారు. గ్రంథపాలకుడి బల్ల మీదికి ఓ దరఖాస్తు వచ్చింది. తెల్ల కాగితం, చక్కటి డీటీపీ అక్షరాలు. 'వచ్చే ఆదివారం సాయంత్రం మీ హాలు ఇప్పించగలరు. కార్యక్రమం: ఆత్మలతో సంభాషణ. విమానాశ్రయ దయ్యం రహస్యం కూడా వివరించబడును. ప్రవేశం ఉచితం. సమస్యలున్నవారికి విడిగా సలహాలు ఇవ్వబడును.' కింద ఊళ్ళో పేరున్న పెద్దమనుషులు ఇద్దరి సంతకాలు.

అటెండర్ కూడా ఆ కాగితం చదివాడు. 'ఇచ్చేద్దాం సార్. ఆదివారం పొద్దుగూకినంక హాలు ఖాళీగనే ఉంటది గదా. నలుగురు మనుషులన్నా వస్తరు' అన్నాడు.

అతని మాటలో తప్పు పట్టడానికేం లేదు. గ్రంథాలయానికి జనం రావడం లేదన్నది ఆ కొలువులో ఉన్న ప్రతివారి బెంగ. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకూ వారోత్సవాలు. దండలు, ప్రసంగాలు, వ్యాసరచన పోటీలు. ఆ వారం గడిస్తే మళ్ళీ అవే బల్లలు, అదే ఫ్యాను చప్పుడు. దయ్యం పేరు చెబితేనన్నా గడప తొక్కుతారంటే ఎవరికి చేదు?

గ్రంథపాలకుడు కాగితాన్ని పేపర్ వెయిట్ కింద పెట్టాడు. 'రేపు చెప్తా' అన్నాడు. ఆ రాత్రి ఆయన ఏమేం ఆలోచించి ఉంటాడు?

మొదట తోచేది చట్టమే. శాస్త్రీయ దృక్పథాన్నీ, ప్రశ్నించే గుణాన్నీ పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగంలో ఉంది. 1976లో 42వ సవరణతో చేరిన 51ఎ అధికరణం అది. దాన్ని చూపించి దరఖాస్తు తిప్పి పంపితే సరిపోదా? సరిపోదు. ఆ సంగతి హైదరాబాద్‌కి బాగా తెలుసు. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని కోర్సుగా పెట్టాలని యూజీసీ నిర్ణయించింది. సీసీఎంబీని నిర్మించిన శాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ మరికొందరితో కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళారు. అక్కడ ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2004లో అక్కడా ఓడిపోయారు. ఏం చదువు చెప్పాలన్నది విద్యావేత్తలు తేల్చుకోవలసిన విషయం, అందులో మేం వేలు పెట్టం అన్నది కోర్టుల వాదన. అంటే నమ్మదగిందేదో కానిదేదో న్యాయస్థానం తేల్చి చేతిలో పెట్టదు. తిరిగి తిరిగి ఆ పని బల్ల దగ్గర కూర్చున్న మనిషి మీదే పడుతుంది.

అన్నట్టు ఈ భార్గవగారే 1960లలో మిత్రులతో కలిసి శాస్త్రీయ దృక్పథం కోసం ఓ సంఘం పెట్టారు. సభ్యులు కావాలంటే అతీత శక్తుల మీద నమ్మకం లేదన్న అర్థం వచ్చే ప్రకటన మీద సంతకం చేయాలి. సంతకం పెట్టమంటే చాలామంది శాస్త్రవేత్తలే వెనక్కి తగ్గారని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ప్రయోగశాలల్లో పనిచేసేవారి తీరే అలా ఉంటే, దరఖాస్తు కింద సంతకాలు పెట్టిన పెద్దమనుషుల్ని ఏమనాలి!

పోనీ, 'ఇవ్వను' అనేస్తే? తెలంగాణలో ఆ మాటకి ఓ పాత చరిత్ర ఉంది, అది అంత మంచి చరిత్ర కాదు. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివారు హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకునేవారికి ఓ చోటు కావాలని పుట్టిన గ్రంథాలయం అది. ఆ తర్వాత ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. వాటితోపాటే సర్కారు అనుమానం కూడా లేచింది. సభ జరుపుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలంటూ 'గస్తీ నిషాన్ 53' అన్న ఉత్తర్వు వచ్చింది. నాలుగు పుస్తకాలు పెట్టుకుని నలుగురు కూర్చుంటే అదేదో కుట్ర అన్నట్టు చూశారు. 'మీ మాట మాకు నచ్చదు, కాబట్టి చోటు లేదు' అన్న జవాబు విని విని పెరిగిన గ్రంథాలయం, ఇవాళ అదే జవాబు ఇంకొకరికి ఇవ్వడమంటే కాస్త తడబడాల్సిందే.

అమెరికా వాళ్ళు ఈ చిక్కుని మరోలా విప్పుకున్నారు. 1939లో అక్కడి గ్రంథాలయ సంఘం 'లైబ్రరీ బిల్ ఆఫ్ రైట్స్' అని ఓ ప్రకటన చేసింది. జనానికి ఇచ్చే సమావేశ గదుల్ని అడిగినవారి నమ్మకాలతో నిమిత్తం లేకుండా అందరికీ సమానంగా ఇవ్వాలన్నది అందులో ఒక సూత్రం. గది ఇచ్చినంత మాత్రాన గ్రంథాలయం ఆ మాటల్ని సమర్థించినట్టు కాదు. వినడానికి బాగానే ఉంది. అక్టోబరు వచ్చిందంటే హాలోవీన్ పేరుతో దయ్యాల వేటగాళ్ళని పిలిచి మాట్లాడించే లైబ్రరీలు అక్కడ చాలానే ఉన్నాయి. ఇండియానా రాష్ట్రంలో ఎవాన్స్‌విల్ అనే ఊరుంది. అక్కడి విల్లర్డ్ లైబ్రరీకయితే సొంత దయ్యమే ఉంది! 1937లో ఓ పనివాడు బూడిదరంగు దుస్తుల్లో ఓ స్త్రీని చూశానన్నాడట. అప్పటి నుంచి ఆమె 'గ్రే లేడీ'. ఆమె కనిపిస్తుందేమోనని కెమెరాలు పెట్టి ఇంటర్నెట్‌లో చూపించారు. దయ్యాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఎందరు పుస్తకం పట్టుకెళ్ళారో తెలియదుగానీ, లైబ్రరీ పేరు మాత్రం ఖండాంతరాలు దాటింది.

ఈ పద్ధతిని అలాగే శంషాబాద్‌కి తెచ్చి పెట్టేయొచ్చా? ఓ తేడా ఉంది. 'ఇందులోని అభిప్రాయాలతో గ్రంథాలయానికి సంబంధం లేదు' అని బ్యానర్ అడుగున చిన్న అక్షరాల్లో వేస్తే ఎవరు చదువుతారు? ఊళ్ళో అనుకునేది ఒక్కటే. 'లైబ్రరీల పెట్టిన్రంట. సర్కారోళ్ళే పెట్టిన్రంటే ఏదో ఉండే ఉంటది.' ఆ నలుగురూ అలా అనుకోవడం అమాయకత్వమూ కాదు. గ్రంథాలయం ఎవరి సొమ్ముతో నడుస్తుంది? ఇంటి పన్ను రసీదు తీసి చూస్తే తెలుస్తుంది. 1960 నాటి చట్టం ప్రకారం రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. రేకుల ఇంటి వాడూ కడతాడు, అపార్టుమెంటు వాడూ కడతాడు. దయ్యాన్ని నమ్మేవాడూ, నమ్మనివాడూ కలిసి కట్టుకున్న ఇల్లు అది.

అలాగని ఈ వాదనని దేవుడి మీదికి లాగడం కుదరదు. ఆ చుట్టుపక్కల అమ్మపల్లి సీతారామస్వామి గుడి ఉంది. ఇంకాస్త దూరంలో చిలుకూరు బాలాజీ. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా కోసం అక్కడ తిరిగి, అది వచ్చాక శంషాబాద్‌లో విమానమెక్కే పిల్లలు ఎందరో. రాహుకాలం దాటాకే ఇంటి నుంచి బయల్దేరతారు. విమానం మాత్రం గాలీ వెలుతురూ కొలిచి చూసుకుని రాహుకాలంలోనే లేస్తుంది! ఎవరికీ పేచీ లేదు. గుడికి వెళ్ళేవాడికి తానెక్కడికి వెళుతున్నాడో తెలుసు. నమ్మకం అక్కడ తన సొంతింట్లో ఉంది. గ్రంథాలయానికి వచ్చేవాడు దేనికొస్తాడు? విన్నది నిజమా కాదా చూసుకోవడానికి. ఇల్లు వేరు, వచ్చిన పని వేరు.

మరి గ్రంథాలయంలో దయ్యానికి చోటే లేదా? ఎందుకు లేదు, నంబరుతో సహా ఉంది! ప్రపంచంలో చాలా గ్రంథాలయాలు పాటించే డ్యూయీ దశాంశ వర్గీకరణలో దయ్యాల నంబరు 133.1. పక్కనే 133.4 మంత్రవిద్యలు, 133.5 జ్యోతిషం, 133.6 హస్తసాముద్రికం. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇందులో ఓ తమాషా ఉంది. ఖగోళశాస్త్రం నంబరు 520. అంటే జ్యోతిషం ఓ చోట, నక్షత్రాలు ఎక్కడో నాలుగు బీరువాల అవతల. 133 నుంచి నాలుగడుగులు వేస్తే 150, మనస్తత్వశాస్త్రం. మనిషికి లేనిది ఎందుకు కనబడుతుందో అక్కడ రాసి ఉంటుంది. 398లో జానపద కథలు. 610లో వైద్యం. ఇంకాస్త ముందుకెళితే 793.8, గారడీ విద్యలు. గాల్లోంచి విభూతి ఎలా తీస్తారో అందులో బొమ్మలేసి మరీ చెప్పిన పుస్తకాలుంటాయి.

133 అన్న నంబరు దయ్యం ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. ఇది దయ్యాల గురించిన పుస్తకం అని మాత్రమే చెబుతుంది. అరలో ఉన్న దయ్యానికి ఇరుగుపొరుగు ఉన్నారు. దాని మాట విన్నవాడు లేచి, నాలుగడుగులు వేసి, పక్కవాళ్ళ మాట కూడా వినొచ్చు. అదే దయ్యాన్ని హాల్లో వేదికెక్కించి మైకు ఇచ్చారనుకోండి... దానికి ఇరుగూ లేదు, పొరుగూ లేదు. ఒంటరిగా నిలబడి గంటసేపు మాట్లాడుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో మొన్నే కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఉంటుంది.

దరఖాస్తులో అసలు మాట 'ఆత్మ' కాదు. 'విడిగా'. ప్రవేశం ఉచితమే. హాల్లో ఎవరూ పైసా అడగరు. ఆ తల్లి ఏడుస్తున్నప్పుడు పక్కకు పిలిచి ఓ ఫోన్ నంబరు ఇస్తారు. మిగతాది విడిగా. ఇలాంటి వ్యాపారానికి ముందు కావలసింది నలుగురూ గౌరవించే ఓ గది. కల్యాణ మండపం అద్దెకు దొరుకుతుంది. నమ్మకం దొరకదు. గ్రంథాలయంలో అయితే గోడ మీది ఫొటోలతో సహా ఉచితంగా దొరుకుతుంది. తాయెత్తుతో, మంత్రంతో, కవచంతో ఫలానా రోగాలు కుదురుస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ పేర్లు చట్టంలోనే రాసి ఉన్నాయి. కానీ 'సలహాలు ఇవ్వబడును' అన్న రెండు మాటల్ని ఏ చట్టం పట్టుకోగలదు?

ఇదంతా ఓ సాయంత్రం కాలక్షేపం, దీనికింత ఆలోచనా అనేవారుంటారు. 2021 జనవరిలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఎదిగిన కూతుళ్ళిద్దరినీ తల్లిదండ్రులే చంపుకున్నారు. వాళ్ళు మళ్ళీ బతికొస్తారన్న నమ్మకంతో. తండ్రి కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, తల్లి బడి నడిపేది. ఆ మనసుల్లో ఏముందో చెప్పవలసింది వైద్యులు. ఆ మరుసటి ఏడు జనవరిలో జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఓ తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి పేరు చెప్పి పళ్ళు పీకిన సంఘటనలు, కొట్టి చంపిన సంఘటనలు కొత్తవి కావు. గ్రంథాలయంలో జరిగిన సభ విని ఎవరూ కత్తి పట్టరు. నిజమే. కానీ అప్పటికే భయంలో ఉన్న మనిషికి 'నీ భయం ఉత్తదే, ఓసారి డాక్టరుకు చూపించు' అని చెప్పే చోట్లు ఊళ్ళో ఎన్ని ఉంటాయి? ఓ ఆస్పత్రి, ఓ బడి, ఓ గ్రంథాలయం. అందులో ఒకటి తల ఊపేస్తే మిగిలేవి రెండు.

పరిశోధన వేరు సుమా! విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో పరామనోవిజ్ఞానానికి ఏకంగా ఓ శాఖే తెరిచింది. దాన్ని పెట్టిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు జె.బి.రైన్ దగ్గర పనిచేసివచ్చారు. తర్వాత అదే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. అతీంద్రియ శక్తి ఉందని ఆయన నమ్మారు, చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. పేచీ లెక్కల మీద, ప్రయోగాల మీద జరిగింది. అడిగినవాడికి లెక్క చూపించాలి, అక్కడి నియమం అది. ఇటు శ్రీలంకలో స్థిరపడిన కేరళ హేతువాది అబ్రహాం కోవూర్, మోసానికి తావులేని పరీక్షలో అతీత శక్తి చూపించినవాడికి లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు విసిరారు. 1978లో ఆయన పోయేనాటికీ ఆ లక్ష అలాగే ఉంది.

చూడమని పిలవడం, చూడకుండా తలుపులేసుకోవడం... ఈ రెండూ ఒకే రోజున జరిగిన చోటు శంషాబాద్‌కి దూరమేం కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. ఇబ్రహీంపట్నం వైపు ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా గ్రహణ మార్గంలో పడింది. ఆ కొద్ది నిమిషాల చీకటి కోసం శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి టెలిస్కోపులు బిగించుకు కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే నగరంలో రోడ్లు ఖాళీ. జనం తలుపులూ కిటికీలూ వేసుకుని లోపలే ఉండిపోయారు. జీవితంలో ఒకసారి కనబడే దృశ్యం నెత్తిమీద జరుగుతుంటే చూడలేదు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. బయటకు రండి, ఇలా చూడండి అని చేయి పట్టుకుని చెప్పినవారు వాళ్ళ వీధిలో లేరు. తర్వాతి గ్రహణాలకి జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాలవాళ్ళు కళ్ళద్దాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. పిల్లలు బయటికొచ్చి చూశారు.

తెల్లవారింది. గ్రంథపాలకుడు దరఖాస్తు తీసి వెనకవైపు రాయడం మొదలుపెట్టాడనుకుందాం. 'హాలు ఇవ్వబడును. మాట్లాడదలచినవారు మాట్లాడవచ్చు. అదే వేదిక మీద ఒక మానసిక వైద్యుడు, ఒక ఇంద్రజాలికుడు కూడా కూర్చుంటారు. సభికులు ఎవరినైనా ప్రశ్న అడగవచ్చు. హాల్లో గానీ ఆవరణలో గానీ విడిగా సలహాలు, ఫోన్ నంబర్లు, అమ్మకాలు కుదరవు. బ్యానరు మీద గ్రంథాలయం పేరు వేయరాదు.' అంటే అరలో దయ్యానికి ఏ మర్యాద ఉందో హాల్లోనూ అదే మర్యాద. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అటెండర్ చదివి నవ్వాడు. 'ఇగ వాళ్ళు రారు సార్.'

'రాకుంటే హాలు ఖాళీగనే ఉంటది గదా. మనం పెట్టుకుందాం' అన్నాడు గ్రంథపాలకుడు.

ఏం పెట్టుకుంటారు? విమానాశ్రయ దయ్యం గురించే! చెప్పేవాడు గొంతు తగ్గించి అడిగే ఆ ప్రశ్న ఉంది కదా, 'ఆ భూములు ఎవరివో తెలుసా?' అని. దయ్యం కథ మొత్తంలో నిజమైన మాట అదొక్కటే. మామిడిపల్లి, గొల్లపల్లి వైపు దాదాపు 5,500 ఎకరాలు విమానాశ్రయం కోసం పోయాయి. ఆ నేలలో జొన్న పండించినవాళ్ళు, ఆ చెట్ల కింద పశువుల్ని కాసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఊరి గురించి ఎవరూ అడగలేదు గనకే ఆ చోటుని ఓ తెల్లచీర ఆక్రమించింది. ఇది అతీతశక్తి కాదు, జ్ఞాపకం. దానికి 133లో కాదు, చరిత్ర అరలో చోటుండాలి. ఇప్పటికి ఆ పుస్తకం లేకపోతే రాసుకోవచ్చు.

ఆదివారం సాయంత్రం. హాల్లో ఇరవై మందో ముప్పై మందో. కానిస్టేబుల్ పరీక్షకు చదివే ఓ కుర్రాడు నోటుబుక్కు, పెన్ను తెచ్చుకున్నాడు. ముందు వరుసలో ఓ పెద్దాయన, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని.

'తాతా, ఆడ దయ్యముందంటరు గదా, నువ్వెప్పుడన్న చూసినవా?' అని ఓ పిల్ల అడుగుతుంది.

'దయ్యమా... నాకెరుకలే బిడ్డా. ఆడ మా బాయి ఉండె. బాయికాడ శింతచెట్టు ఉండె. యాడుండెనో చెప్తా, రాసుకోమను' అంటాడాయన.

పైనుంచి విమానం వెళుతుంది. దాని చప్పుడు తగ్గేదాకా ఆగి మళ్ళీ మొదలుపెడతాడు.